తిరపతోళ్ళం వైజాగ్ పోతే ఏం చూడాల, ఏం వదిలేయాల

తిరపతిలో ఇల్లుందంటే చాలు, ఏడాది పొడుగునా చుట్టాలే. మేనత్త తోడికోడలి చెల్లెలు కూడా "ఒక్క రాత్రికే కదమ్మా, తెల్లారి కొండకి పోతాం" అని ఫోన్ చేస్తాది, మనం పరుపులేసి, పొద్దున్నే కాఫీ ఇచ్చి, అలిపిరి దాకా దింపి, వాళ్ళు దిగొచ్చినాక తిరుచానూరు ముందా కాళహస్తి ముందా, కాణిపాకం బస్సు యాడ ఎక్కాల, అన్నీ చెప్పి పంపిస్తాం. ఊరందరికీ గైడులమే గానీ మనం ఇంకో ఊరికి పోతే ఏం చూడాలో మాత్రం తెలీదు. యూట్యూబ్‌లో వైజాగ్‌లో చూడాల్సిన పాతిక ప్లేసులు అని ఏదో వీడియో పెట్టుకుని, రెండు దినాల్లో ఆ పాతికా కార్లో చుట్టేసి, అన్నిచోట్లా ఫోటోలు దిగి, ఇంటికొచ్చి జ్వరంతో పడుకుంటాం. మా వీధిలో ఇట్ల పోయొచ్చినోళ్ళని అడగండి, కైలాసగిరి, బీచి, అరకు తప్ప ఇంకేం గుర్తుండదు, హార్బర్ చూసినారా అంటే "బస్సులోంచి క్రేన్లు కనపడినాయి" అంటారు.

మేం జనవరి ఆఖర్లో పోయినాం, సంక్రాంతి రష్ అయిపోయినాక. మా ఆడబిడ్డ పెళ్ళయినప్పటినుంచి మల్కాపురంలోనే ఉంటాది, వాళ్ళాయనకి షిప్‌యార్డులో పని, కాబట్టి రూము ఖర్చు లేదు, తిండికి ఢోకా లేదు. పోయింది నేను, మా ఆయన, అత్త, మామ, పిలకాయలిద్దరు. మా మామ సెట్టిపల్లి రైల్వే క్యారేజ్ రిపేర్ షాపులో ఫిట్టర్‌గా రిటైరైనాడు, ఇది ముందే ఎందుకు చెప్తా ఉన్నానో సబ్‌మెరైన్ దగ్గరికి పోతే తెలుస్తాది.

బయల్దేరే ముందే నేనొక కండిషన్ పెట్టినా. తిరపతిలో ఉండేదాన్ని మళ్ళీ వైజాగ్‌లో డబ్బులిచ్చి చూడొద్దు. జూ మనకుండాది, ఘాట్ రోడ్డు మనకుండాది, గుళ్ళ సంగతి ఇంక చెప్పనక్కర్లే. ఉత్త సముద్రం కావాలంటే తూపిలిపాళెం పోతే సరిపోతాది, లేదంటే పొద్దున ట్రైన్ ఎక్కి మద్రాసు మెరీనా చూసి రాత్రికి ఇంటికొచ్చేస్తాం. మన దగ్గర లేనిది ఏంటంటే ఓడలొచ్చే రేవు, నేవీ, కొండ నేరుగా సముద్రంలోకి దిగే చోటు. ప్లాన్ అంతా దాని చుట్టూనే వెయ్యాల అని చెప్పినా. మా ఆయన సరేనన్నాడు, అత్త మాత్రం "సింహాచలం పోకుండా వస్తారా యాడన్నా" అనింది. సరే, అదొక్కటి మినహాయింపు.

ట్రైన్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తా. మనకి తిరపతి నుంచి డబుల్ డెక్కర్ ఉండాది, వారంలో అన్ని దినాలూ ఉండదు, పిలకాయలు పై అంతస్తు అని ఎగురుతారు గానీ అది మొత్తం చైర్ కార్, రాత్రంతా కూర్చునే పోవాల. ముసలోళ్ళు, మోకాళ్ళ నొప్పులోళ్ళు ఉంటే దాని జోలికి పోవద్దు. తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు చేసుకుంటే హాయిగా పడుకుని పోవచ్చు, తెల్లారేటప్పటికి గోదావరి బ్రిడ్జి వస్తాది, అత్త పర్సులో నుంచి రూపాయి బిళ్ళలు తీసి అందరి చేతుల్లో పెట్టింది, మా చిన్నది నిద్రమత్తులో బిళ్ళ విసిరితే కిటికీ కడ్డీకి తగిలి వెనక్కొచ్చి పక్క బెర్తాయన దుప్పట్లో పడింది. పులిహోర, ఊరిమిరపకాయలు కట్టుకుని పోయినాం కాబట్టి ట్రైన్ తిండి గొడవ లేదు.

ఇప్పుడు అసలు విషయం. వైజాగ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది టికెట్ లేని చోటు. పాత ఊర్లో, కోట వీధి, పాత పోస్టాఫీసు అనే ఏరియా ఉండాది, ఆ పక్కన హార్బర్ మూతి దగ్గర వరసగా మూడు గుట్టలుంటాయి. ఒకదాని మీద మేరీ మాత చర్చి, దాన్ని రాస్ హిల్ అంటారు, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద ఎవరనుకున్నారు, మన వెంకటేశ్వరస్వామే. అత్తకి ఆ మాట చెప్పేసరికి మోకాలి నొప్పి మాయమైపోయింది. ఈ గుడిని 1866లో బ్లాక్‌మూర్ అనే తెల్లదొర, ఓడ కెప్టెన్ కట్టించినాడని అక్కడ చెప్తారు. నిజమో కాదో నేను కాగితాలు చూడలేదు గానీ, రేవులోకి దూరే ప్రతి ఓడా ముందు ఈ మూడింటినీ దాటుకునే పోవాల, అది మాత్రం కళ్ళారా చూసినాం.

ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, సముద్రంలోకి ముక్కు పెట్టినట్టు ఉంటాది, దాని మీద లైట్ హౌస్. ఆ కొండకీ మనం నిలబడిన గుట్టకీ మధ్యన సన్నటి నీళ్ళ దారి. అంత పెద్ద ఓడలు ఈ సందులోంచి ఎట్ల పోతాయబ్బా అని మా పెద్దోడు అడగతానే ఉన్నాడు, అంతలోనే ఒకటి వచ్చింది. ముందొక టగ్ బోటు (పెద్ద ఓడల్ని లాగే చిన్న బోటు), వెనకొక టగ్ బోటు, మధ్యలో ఈ ఓడ, ఇంజన్ సౌండ్ కూడా పెద్దగా లేదు, నింపాదిగా జరుగుతా వస్తా ఉంది. ఖాళీ ఓడంట, అందుకే కింద ఎర్ర రంగు చాలా పైకి కనపడింది, దాని మీద మెట్లు మెట్లుగా తెల్ల నంబర్లు. సరుకు నింపే కొద్దీ ఆ నంబర్లు ఒకటొకటిగా నీళ్ళలోకి పోతాయి, ఎంత లోతు మునిగిందో చూసి ఎంత సరుకెక్కిందో లెక్క కడతారు అని ఆడబిడ్డ మొగుడు చెప్పినాడు. ఓడ కెప్టెన్ ఎంత పెద్ద మనిషైనా రేవులోకి సొంతంగా నడపకూడదంట, పోర్టు పైలట్ బోటులో ఎదురుపోయి, తాళ్ళ నిచ్చెన పట్టుకుని ఓడెక్కి, ఆయన చెప్పినట్టు నడపాల. మా మామ అంతా విని "మా లోకో పైలట్లకి కూడా కొత్త రూటైతే దారి తెలిసినోడు పక్కనుండాల్సిందేలే" అన్నాడు. డెక్కు మీద నారింజ రంగు డ్రస్సులో ఇద్దరు నిలబడుంటే పిలకాయలు చేతులూపినారు, వాళ్ళూ ఊపినారు. ఆ ఓడ వంపు తిరిగి లోపలికి పోయేదాకా మేం ఎవరం కదల్లేదు. మా చుట్టూ టూరిస్టులు ఒక్కరు కూడా లేరు, గుడికొచ్చిన ఆ వీధి ఆడోళ్ళు తప్ప.

అసలు ఇక్కడ రేవు ఎందుకొచ్చిందో కూడా తెలుసుకుంటే చూడ్డానికి బాగుంటాది. ఈ లోపలి హార్బర్ ఉండే చోటంతా ఒకప్పుడు బురద, మడ అడవులు. మధ్య భారతంలో మాంగనీసు గనులు, వాటికి దగ్గర్లో ఓ మంచి రేవు లేదు, అందుకని రాయ్‌పూర్ నుంచి విజయనగరం దాకా రైలు లైను వేసినారు, అది 1931కి పూర్తయింది, బురద తవ్వి రేవు చేసినారు, 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికొచ్చింది. డాల్ఫిన్స్ నోస్ అడ్డముంది కాబట్టి తుపాను గాలి, అలలు లోపలికి రావు, సహజంగా దొరికిన గోడ అది. గొడవంతా ఇసకతోనే. ఈ తీరంలో ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతానే ఉంటాది, తవ్విన దారి మళ్ళీ పూడిపోతాది. దానికి ఆ కాలం ఇంజనీర్లు ఏం చేసినారంటే, రెండు పాత ఓడల్ని తెచ్చి రేవు మూతి దగ్గర కావాలని ముంచేసినారు, వాటినే అడ్డకట్ట చేసినారు. మా పెద్దోడికి ఈ ముక్క బలే నచ్చింది, ఇంటికొచ్చినాక వాళ్ళ స్కూల్లో అందరికీ ఇదే చెప్తా ఉన్నాడంట. ఇప్పటికీ డ్రెడ్జర్లు పెట్టి ఇసక తోడుతూనే ఉంటారు, తోడింది తీసుకుపోయి ఆర్కే బీచిలో పోస్తారు, ఎందుకంటే రేవు దగ్గర ఇసక ఆగిపోయేసరికి అవతల బీచి కోసుకుపోతా ఉంది. మన పిలకాయలు గూళ్ళు కట్టుకునే ఇసక హార్బర్‌లో తోడిందై ఉండొచ్చన్న మాట.

తర్వాత్తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనప ఖనిజం కోసం కొత్తవలస నుంచి కిరండూల్‌కి ఇంకో లైను, పెద్ద ఓడల కోసం 1970ల్లో బయట అవుటర్ హార్బర్, అట్ల పెరుగుతా పోయింది. షిప్‌యార్డుని ఇప్పటికీ జనం సింధియా అనే అంటారు, బస్సు బోర్డుల మీద కూడా అదే, ఎందుకంటే 1941లో వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి సింధియా ఓడల కంపెనీ తరఫున మొదలుపెట్టినాడు. స్వతంత్రం వచ్చినాక అక్కడ కట్టిన మొదటి ఓడ జలఉష, 1948 మార్చిలో నెహ్రూ వచ్చి నీళ్ళలోకి వదిలినాడు. షిప్‌యార్డు లోపలికి మనల్ని రానీరు, గేటు దాకానే. ఆడబిడ్డ మొగుడు రోజూ పోయే గేటు ముందర మామ నిలబడి ఫోటో తీయించుకున్నాడు, సెక్యూరిటీ ఆయన "కెమెరా వద్దండి" అనేలోపే.

ఆదివారం తెల్లారుజామున ఫిషింగ్ హార్బర్. శనివారం అత్త నీచు ముట్టదు, ఇంట్లో వండనీదు, కాబట్టి ఆదివారం అని పెట్టుకున్నాం. పాత చెప్పులేసుకుని పోండి, కింద అంతా ఐసు నీళ్ళు, చేపల నీళ్ళు. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని నిలబడుంటాయి, గంపలు గంపలు దించి నేల మీద కుప్పలు పోస్తారు, ఆ కుప్ప చుట్టూ ఆడోళ్ళు నిలబడి పాట పాడతారు, అంటే వేలం, మన చెవికి ఆ స్పీడు అందదు. వంజరం, చందువ, పారలు, కానాగంతలు, రొయ్యలు, పీతలు, ఒకచోట మనిషంత సొర. మా చిన్నది దాని పక్కన కూర్చుని పళ్ళు లెక్కపెడతా ఉంటే ఒక ముసలామె "ఏటమ్మా, కొనడానికొచ్చారా సూడ్డానికొచ్చారా, గుంటని పక్కకి తియ్యండి, బండొస్తంది" అని అరిచింది, అరిచి తనే దాన్ని ఎత్తి పక్కన పెట్టి, చేతిలో ఒక గవ్వ పెట్టింది. వంజరం ముక్కలు కొట్టించుకుని వచ్చినాం, ఆ మధ్యాన్నం ఆడబిడ్డ చేసిన పులుసు గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతాది. మనకి తిరపతిలో ఐసు పెట్టెలో వచ్చే చేపకీ దీనికీ అసలు పోలికే లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకి వేట నిషేధం ఉంటాది, ఎండాకాలం సెలవల్లో పోతే హార్బర్ ఇంత కళగా ఉండదు, అది గుర్తు పెట్టుకోండి.

సబ్‌మెరైన్ మ్యూజియం అందరికీ తెలిసిందే, ఐఎన్ఎస్ కుర్సురా, బీచ్ రోడ్డులోనే. సోమవారం సెలవు. రష్యా వాళ్ళు కట్టింది, 1969 డిసెంబర్‌లో మన నేవీలోకొచ్చింది, 31 ఏళ్ళు పనిచేసి 2001లో రిటైరైంది, 2002లో ఇసక మీదికి లాగి మ్యూజియం చేసినారు. పొడుగు 91 మీటర్లు చిల్లర. బయట నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తాది, లోపలికి పోతే అర్థమవుతాది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే గుండ్రటి కన్నంలోంచి, ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, తర్వాత రెండో కాలు. అత్త మొదటి కన్నం చూసి "మీరు పోయి రాండి నాయనా" అని బయట బెంచీ మీద కూర్చుండిపోయింది.

లోపల చెప్పేది రిటైరైన నేవీ వాళ్ళే, చదివి బట్టీ పట్టిన గైడులు కాదు. ముందు టార్పెడో గది, టార్పెడోల పక్కనే మనుషులు పడుకునే బల్లలు, మంచం మీద మనిషి, పక్కన బాంబు. డెబ్బై మంది పైన మనుషులు వారాల తరబడి ఇందులోనే ఉండాల, మంచినీళ్ళు లెక్క ప్రకారం, స్నానం మాట దేవుడెరుగు. ఆయన చెప్తా చెప్తా ఇంజన్ రూముకొచ్చినాడు, అక్కడ మా మామ ఆగిపోయినాడు. "సార్, మూడు డీజిల్ ఇంజన్లు, మూడు షాఫ్టులా?" అన్నాడు. ఆయన తిరిగి చూసినాడు. అవునన్నాడు. "మరి నీళ్ళ కింద డీజిల్‌కి గాలి యాడిది?" అంటే, నీళ్ళ కింద డీజిల్ నడవదు, పైకొచ్చినప్పుడు నడిపి బ్యాటరీలు ఛార్జ్ చేసుకుంటారు, మునిగినాక బ్యాటరీ కరెంటుతో మోటార్లు తిరుగుతాయి, బ్యాటరీలు మనం నిలబడిన నేల కిందే ఉంటాయి అని చెప్పినాడు. అంతే, ఇద్దరూ వాల్వుల గురించి, గ్యాస్కెట్ల గురించి, ఆయిల్ లీకుల గురించి మొదలుపెట్టినారు. మామ ఒక పైపు మీద చెయ్యి పెట్టి జాయింటు చుట్టూ బొటనవేలితో రాస్తా ఉన్నాడు, పని చేసే రోజుల్లో బోగీ కింద దూరి అట్లనే చూసేవాడేమో. వెనకాల జనం లైను ఆగిపోయింది, ఎవరో "తాతగారూ కొంచెం ముందుకి" అన్నారు. బయటికొచ్చినాక అత్తకి చెప్తా ఉన్నాడు, "ఇంజన్లు బాగుండాయి, సర్వీసు చేస్తే ఇప్పుడు కూడా స్టార్టవుతాది" అని. అత్త "ఇప్పుడు మీరేం స్టార్ట్ చెయ్యొద్దు, టీ తాగుదాం పదండి" అనింది.

రోడ్డు దాటితే ఎదురుగా టీయూ 142 విమానం. దీన్ని జనం తొందర తొందరగా చూసి పోతారు, నేను మాత్రం పోలేకపోయినా. ఎందుకంటే మా పుట్టిల్లు నగరి. నగరికి అరక్కోణం ఎంత దూరం, పక్కనే కదా. ఈ విమానాలు ఉండింది అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి నేవీ బేసులో. 1988లో రష్యా నుంచి మన నేవీకి వచ్చినాయి, మొత్తం 8, మొదట గోవాలో ఉండేవి, 1992లో రాజాలి మొదలైనాక ఇటు తెచ్చినారు, 2017 దాకా ఇక్కడి నుంచే ఎగిరినాయి. చిన్నప్పుడు ఎండాకాలం రాత్రిళ్ళు మిద్దె మీద పడుకుంటే పైన ఒక రకమైన బరువు సౌండు పోయేది, మామూలు విమానం సౌండు కాదు, గురగురమని ఆగి ఆగి వినపడేది, మా నాయన "అరక్కోణం విమానం, పడుకోండి" అనేవాడు. ఇక్కడ దాని ఫ్యాన్లు చూస్తే అర్థమైంది, నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ముందొకటి వెనకొకటి రెండు ఫ్యాన్లు, అవి ఒకటి ఇటు తిరిగితే ఒకటి అటు తిరుగుతాది. ఆ సౌండు దానిదే. 29 ఏళ్ళలో ఒక్క ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరినాయంట, పని సముద్రంలో సబ్‌మెరైన్లని వెతకడం. అంటే రోడ్డుకి ఇటు వేటాడేది, అటు దాక్కునేది. నగరి మిద్దె మీద వినపడింది వైజాగ్ బీచిలో చూస్తానని ఎవరనుకున్నారు. మా అన్నకి వీడియో కాల్ చేసి చూపిస్తే వాడు "అదేనా మే" అని అంతకన్నా మాట్లాడలే.

అక్కడే కొంచెం ముందుకి విక్టరీ ఎట్ సీ అని యుద్ధ స్మారకం. 1971 డిసెంబర్ 3 రాత్రి తెల్లారితే 4, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వైజాగ్ తీరం బయట మునిగిపోయింది, దానికి గుర్తు. అంతకు ముందు 1942 ఏప్రిల్ 6న జపాన్ వాళ్ళు ఈ ఊరి మీద బాంబులేసినారు. మనకి యుద్ధమంటే టీవీలో బార్డరే గానీ, తెలుగు నేల మీద ఇట్లాంటి ఊరుందని పిలకాయలకి ఇక్కడికొస్తేనే తెలుస్తాది.

బీచి గురించి ఒకటే మాట, ఆర్కే బీచిలో నీళ్ళలోకి దిగొద్దు. పాదాలు తడుపుకుంటే చాలు. చూడ్డానికి మామూలుగానే ఉంటాది, కాలి కింద నుంచి ఇసక లాగేస్తాది, రాళ్ళు కూడా ఉండాయి, ఏటా ఎవరో ఒకరు పోతానే ఉన్నారు, ఎక్కువ మంది బయట ఊర్ల నుంచి వచ్చిన కాలేజీ పిలకాయలే. సాయంత్రం మురీ మిక్చర్ తినండి, మొక్కజొన్న పొత్తు తినండి, గట్టు మీద కూర్చోండి. ఉదయం కొంచెంసేపు బీచ్ రోడ్డులో బండ్లు ఆపేస్తారు, జనం నడుస్తారు, అదే బాగుంటాది. రుషికొండ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచిలకిచ్చే గుర్తింపు, నీటుగా ఉంటాది, స్నానానికి హద్దులుంటాయి, లైఫ్ గార్డులుంటారు, అయినా పెద్దోళ్ళు కంట్లో వత్తులేసుకుని చూడాల్సిందే. ఆ రుషికొండ మీద మన టీటీడీ వాళ్ళు 2022లో వెంకటేశ్వరస్వామి గుడి తెరిచినారు, అత్త దాన్ని చూసి "మనం యాడికి పోతే ఆడికి ముందే వచ్చి కూర్చుంటాడు" అని నవ్వింది.

కైలాసగిరి, సరే, రోప్ వే ఎక్కండి, పైనుంచి తీరం వంపు తిరిగి కనపడేది నిజంగానే బాగుంటాది. టాయ్ ట్రైన్ పెద్దోళ్ళకి బోరు. జూ మేం వదిలేసినాం, మనది విస్తీర్ణంలో దేశంలోనే పెద్ద జూల్లో ఒకటి, పులిని చూడ్డానికి ఇంత దూరం ఎందుకు.

సింహాచలం మాత్రం అత్త మాట విన్నందుకు మంచిదే అయింది. తిరుమలలో ముందు వరాహస్వామిని చూసి తర్వాత శ్రీనివాసుణ్ణి చూడాలని మనకు పద్ధతి కదా, ఇక్కడ వరాహం, నరసింహం రెండూ ఒకటే మూర్తి. ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ ఒక్క రోజే, ఆ రోజు మాత్రం పోవాలనుకుంటే ఆలోచించుకోండి, తోపులాట మామూలుగా ఉండదు. మామూలు రోజుల్లో క్యూ తిరుమల అలవాటున్న మనకి లెక్కే కాదు, అత్త ఇంకా కంపార్ట్‌మెంట్ యాడుందని వెతుకుతా ఉంటే గర్భగుడి వచ్చేసింది. కొండ దిగువన సంపెంగలు అమ్ముతారు, అనాస పండ్లు కూడా ఇక్కడివి పేరు, ఆటోలో వస్తా ఉంటే ఆ సంపెంగ వాసన బ్యాగులో నుంచి వస్తానే ఉంది.

ఒక పూట భీమిలి రోడ్డుకి ఇవ్వండి. కారక్కర్లేదు, రైల్వే స్టేషన్ నుంచి 900K నంబరు బస్సు సముద్రం పక్కనే పోతాది, ఎడమ పక్క కొండలు, కుడి పక్క నీళ్ళు, సీటు కుడి పక్క పట్టుకోండి. దార్లో తొట్లకొండ, రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధ ఆరామం, నేవీ వాళ్ళు ఏరియల్ సర్వే చేస్తా ఉంటే బయటపడింది, బండలో తొలిచిన నీళ్ళ తొట్లు ఇప్పటికీ ఉండాయి. ఆ సన్యాసులు కూర్చున్న చోటుకి పోయి సముద్రం వైపు చూస్తే, చోటు ఎంచుకోవడం వాళ్ళకి బాగా తెలుసు అనిపిస్తాది. ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలి పోతే డచ్చోళ్ళ సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. ఇదంతా ఎండ పడకముందే.

తిండి, ఇంట్లో తిన్నదే గొప్ప. బీచ్ రోడ్డులో ఒక పెద్ద బోర్డు హోటల్లో రొయ్యల కూర అని తెచ్చినారు, గిన్నె నిండా గ్రేవీ, రొయ్యలు వెతుక్కోవాల, బిల్లు మాత్రం గ్రేవీలా లేదు, చిక్కగానే ఉంది. పొద్దునపూట బండి మీద ఇడ్లీ, అల్లం చట్నీ తినండి, దాని ముందు ఇవన్నీ దండగ. ఇంటికి తెచ్చుకోవాలంటే మాడుగుల హల్వా, గోధుమ పాలతో చేస్తారు, చాలా దినాలు నిలవుంటాది. పక్కింటోళ్ళకి మనం ఎప్పుడూ లడ్డూనే ఇస్తాం కదా, ఇది ఇస్తే వాళ్ళకీ కొత్తగా ఉంటాది.

అరకు పోలేదా అని అందరూ అడుగుతా ఉన్నారు. పోలేదు. ఆ రైలు లైను, 58 టన్నెళ్ళు, బొర్రా గుహలు అన్నీ గొప్పవే, కానీ దానికి ఒక రోజంతా పోతాది, పొద్దున్నే లేవాల, గుహల్లో మెట్లు దిగాల ఎక్కాల, అత్త మోకాళ్ళకి అది పని కాదు. ఒకే ట్రిప్పులో వైజాగ్, అరకు కలిపేసినోళ్ళు రెండూ సరిగ్గా చూడరు, ఇది నా అభిప్రాయం, ఒప్పుకోనోళ్ళు కామెంట్లో కొట్లాడండి. అరకు చలికాలంలో, పిలకాయలు, మేమిద్దరం మాత్రమే.

మా మామ ఇంకో ప్లాన్‌లో ఉండాడు. డిసెంబర్ 4 నేవీ డేకి ఆర్కే బీచి ముందర నేవీ వాళ్ళు విన్యాసాలు చేస్తారని సబ్‌మెరైన్‌లో ఆయన ఫ్రెండైన గైడు చెప్పినాడంట, దానికి మళ్ళీ పోవాలంటా ఉండాడు. చాలా ఏళ్ళు అక్కడే చేసినారు గానీ 2023లో మహారాష్ట్ర సింధుదుర్గ్‌లో, 2024లో పూరీలో చేసినారు, కాబట్టి మనం పోయే సంవత్సరం యాడ చేస్తారో ముందు కనుక్కుని టికెట్లు చేసుకోవాల. ఆడబిడ్డకి ఫోన్ చేసి అడగమని మామకి చెప్పినా, ఆయన ఆల్రెడీ గైడు నంబర్ తీసుకొచ్చినాడంట.